ఊరి లెక్కలో మనం ఏ గడిలో ఉన్నాం?

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో హోసూరు నుంచి వచ్చినవాళ్లున్నారు, బళ్లారి నుంచి వచ్చినవాళ్లున్నారు. పర్లాకిమిడి, రాయగడ, సోలాపూర్, యానాం నుంచి రైలెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. మన తెలుగు ఒక్కొక్కరిది ఒక్కో యాస. కానీ "మీది ఏ ఊరు?" అని అడిగితే మాత్రం అందరి జవాబూ ఒకటే. ఊరి పేరు చెప్పి, వెంటనే "పెద్ద ఊరేనండీ" అంటారు. ఎంత పెద్దదని అడిగితే "పదివేల మంది ఉంటాం" అంటారు. మరి ఆ పదివేలలో తెలుగువాళ్లు ఎందరు? క్రైస్తవులు ఎందరు? మాలపల్లెలో ఎన్ని ఇళ్లు? అక్కడికొచ్చేసరికి మాట ఆగిపోతుంది. ఆగిపోవడం మన తప్పు కాదు. ఆ లెక్క ప్రభుత్వం అచ్చువేసే పేజీలో నిజంగానే లేదు. ఎందుకు లేదో, దానివల్ల మనకేం పోతోందో ఈ పూట మాట్లాడుకుందాం. 2027 జనగణన మన గడప దాకా వచ్చేసింది కాబట్టి ఇది ఇప్పుడే మాట్లాడుకోవలసిన విషయం.

మొదట ఊరు అంటే ఏమిటో చూద్దాం. జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. అంటే భూమి రికార్డుల్లో హద్దులు గీసి ఉన్న ముక్క. దానిలో ఒక పెద్ద ఊరు, దాని చుట్టూ నాలుగైదు పల్లెలు ఉన్నా, లెక్కలో అన్నీ కలిసి ఒకే పేరు. కాబట్టి రాష్ట్రాన్నిబట్టి ఊరి సైజు మారిపోతుంది. 2011లో కేరళ మొత్తానికి ఉన్నవి 1,018 గ్రామాలే. ఒక్కొక్కదానిలో సగటున 17 వేల మంది. అదే ఒడిశాలో 51 వేల పైచిలుకు గ్రామాలు, ఒక్కొక్కదానిలో సగటున ఏడు వందల మంది కూడా లేరు. రాయగడ తమ్ముడు పెద్ద ఊరని చెప్పేది కేరళలో ఒక వీధి అవుతుంది. దీనిలో గొప్పా లేదు, తక్కువా లేదు. గీత ఎక్కడ గీశారన్నదే సంగతి.

ఆ గీత లోపల ఇంకో గీత ఉంటుంది. మనకు అది పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలుగు నేల మీద మాలపల్లె, మాదిగ గూడెం అంటారు. తమిళనాడులో ఊరు వేరు, చేరి వేరు. కర్ణాటకలో కేరి అంటారు, ఒడిశాలో సాహి అంటారు, మహారాష్ట్రలో వాడా అంటారు. పేరు ఏదైనా ఆ చోటు ఊరికి ఒక చివరన ఉంటుంది, నీళ్ల పైపు అక్కడికి ఆఖరున వస్తుంది. మన మందిరాల్లో చాలా భాగం కట్టుకున్నది ఆ చివరనే. రెవెన్యూ గ్రామం లెక్క వేసేటప్పుడు ఈ లోపలి గీత చెరిగిపోతుంది. ఊళ్లో 70 శాతం ఇళ్లకు కుళాయి ఉందని పేజీ చెబితే, ఆ 70 శాతం ఎటువైపు ఇళ్లో పేజీ చెప్పదు.

ఇక ఆ పేజీలో ఏముంటుందో చూద్దాం. ప్రతి గ్రామానికీ ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ అని ఒక వరుస ఉంటుంది. జనగణన వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లోనే తెరుచుకోవచ్చు. ఇళ్లు ఎన్ని, మొత్తం జనం ఎంత, మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, ఆరేళ్లలోపు పిల్లలు ఎందరు, ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, చదువు వచ్చినవాళ్లు ఎందరు అని గడులుంటాయి. తర్వాత పని చేసేవాళ్లు వస్తారు. వాళ్లలో సొంత సాగు రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ, ఇతరులు అని నాలుగు రకాలు.

ఈ గడులు చదవడం నేర్చుకుంటే ఊరు కథ చెబుతుంది. అక్షరాస్యత ఏడేళ్లు నిండినవాళ్లలోనే లెక్కిస్తారు, కాబట్టి మొత్తం జనంతో భాగిస్తే తప్పు శాతం వస్తుంది. ఆరేళ్లలోపు మగపిల్లలనూ ఆడపిల్లలనూ పక్కపక్కన పెట్టి చూడండి. దేశం మొత్తంలో ఆ వయసులో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 927 ఉంటే, 2011లో 919కి పడిపోయారు. మీ ఊరి సంఖ్య దానికంటే బాగా కిందకు ఉంటే, ఎక్కడో స్కానింగ్ గది పని చేస్తోందేమోనని అనుమానించాలి. అలాగే రైతుల గడి, కూలీల గడి. 2011లో దేశంలో సాగుదారులు 11 కోట్ల 90 లక్షలకు దగ్గరగా ఉంటే, వ్యవసాయ కూలీలు 14 కోట్ల 40 లక్షలు దాటారు. మన ఊళ్లలో మనవాళ్లు ఈ రెండింట్లో ఏ గడిలో ఉన్నారో మీకు మేం చెప్పక్కర్లేదు.

చెల్లెళ్లకు ఒక మాట. పని చేసేవాళ్ల గడి దగ్గర గట్టిగా ఉండండి. లెక్కల టీచరు వచ్చి "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అంటే, నాన్న అరుగు మీద కూర్చునే "ఇంట్లోనే ఉంటుంది" అనేస్తాడు. ఆమె తెల్లారి పాలు పితికి, పగలంతా కలుపు తీసి, సాయంత్రం గడ్డి మోసుకొచ్చినా సరే, పని లేనివాళ్ల గడిలోకి పోతుంది. జనగణన నియమం ప్రకారం ఏడాదిలో ఆరు నెలలు పని చేస్తే ప్రధాన శ్రామికురాలు, అంతకు తక్కువైనా శ్రామికురాలే. అమ్మ తరఫున ఆ జవాబు మీరు చెప్పండి.

సరే, ఆ పేజీలో లేనివి ఏమిటి? మతం లేదు, మాతృభాష లేదు. ఈ రెండు ప్రశ్నలూ అడుగుతారు, రాసుకుంటారు, కానీ గ్రామం వారీగా అచ్చువేయరు. మతం లెక్క తాలూకా దగ్గర, పట్టణం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి కృష్ణగిరి జిల్లాలో పదివేల మంది ఉన్న తెలుగు ఊరు ఒకటి ఉందనుకుందాం, ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరని ఆ ఊరి పేజీని అడిగితే అది నోరు విప్పదు.

యానాం నుంచి వచ్చిన తమ్ముళ్లు నవ్వుతున్నారు. నవ్వొచ్చు, మీ సంగతి వేరు. యానాం మొత్తం మున్సిపాలిటీయే, 2011లో 55,626 మంది. ఊళ్లే లేవు కాబట్టి మీకు ఊరి పేజీ బాధ లేదు, మీ మతం లెక్క పట్టణం లెక్కగా దొరుకుతుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. గ్రామ పంచాయతీ ఉన్న ఊరిని కూడా జనగణన ఒక్కోసారి పట్టణంగా లెక్కిస్తుంది. జనం 5,000 దాటాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పని చేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. దీన్ని సెన్సస్ టౌన్ అంటారు. 2001లో దేశంలో ఇవి 1,362 ఉంటే, 2011కి దాదాపు 3,900 అయ్యాయి. పంచాయతీ అదే, మురుగు కాలువ అదే, మున్సిపాలిటీ నిధులేమీ రావు. కానీ ఆ రోజునుంచి ఆ ఊళ్లో క్రైస్తవులు ఎందరో అచ్చులో కనబడతారు. పొలాలు పోయి ఫ్యాక్టరీ వచ్చేదాకా మనం కాగితం మీద లేమన్నమాట.

ఇక అసలు గడికి వద్దాం. ఎస్సీల గడి.

ఆ గడిలో ఉన్న సంఖ్యను మనం "ఊళ్లో దళితులు ఇంతమంది" అని చదువుతాం. అది సరి కాదు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం, హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాళ్లు షెడ్యూల్డు కులంవాళ్లు కారు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తలుపు మూసే ఉంది. ఆగస్టు 10న మన సంఘాల్లో నల్ల బ్యాడ్జీలు ఎందుకు పెట్టుకుంటారో చిన్నవాళ్లకు తెలియకపోతే, ఇందుకే. జనగణన చేసేవాళ్లకు ఇచ్చే సూచనల్లోనూ ఇదే రాసి ఉంటుంది: మతం దగ్గర క్రైస్తవం అని రాస్తే, ఎస్సీ అని రాయకూడదు. ఎస్టీలకు ఆ షరతు లేదు.

దాని ఫలితం ఊళ్లో ఎలా ఉంటుందో చూడండి. కోరాపుట్, రాయగడ వైపు ఒక పెద్ద ఊళ్లో రెండు వీధులు. ఒక వీధిలో ఆదివాసీ క్రైస్తవ కుటుంబాలు, పక్క వీధిలో దళిత క్రైస్తవ కుటుంబాలు. ఆదివారం ఒకే మందిరంలో ఒకే బల్లారాధనకు కూర్చుంటారు. లెక్కల రోజున ఇద్దరూ క్రైస్తవులమనే చెబుతారు. మొదటి వీధి ఎస్టీ గడిలో పూర్తిగా ఉంటుంది. రెండో వీధి ఎస్సీ గడిలోనుంచి పూర్తిగా మాయమవుతుంది. ఊరి పేజీలో క్రైస్తవ గడి లేదు కాబట్టి ఇంకెక్కడా తేలదు. మొత్తం జనంలో ఒక అంకెగా కలిసిపోతుంది, అంతే.

రాష్ట్రం సరిహద్దు దాటితే ఇంకా విచిత్రం. బంజారాలు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలు. కర్ణాటకలో ఎస్సీలు. ఒకే తాతకు పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు, ఒకటి తాండూరు వైపు, ఒకటి సేడం వైపు ఉన్నాయనుకోండి. ఇద్దరూ బాప్తిస్మం తీసుకుంటే, ఇటువైపువాడు గడిలో ఉంటాడు, అటువైపువాడు ఉండడు. విశ్వాసం ఒకటే, తండా ఒకటే, మధ్యలో ఉన్నది రాష్ట్రాల హద్దు రాయి.

కులం మతంతో పోదని మన ఊళ్లకు తెలుసు. కోర్టు దాకా వెళ్లిన మనిషి ఒకరున్నారు. సూసై అనే ఆది ద్రావిడ క్రైస్తవుడు మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునేవాడు. అలాంటి పనివాళ్లకు ప్రభుత్వం ఉచితంగా చిన్న బంకులు ఇచ్చింది. ఆయనకు మాత్రం ఇవ్వలేదు, క్రైస్తవుడు కాబట్టి. చేతిలో అదే తోలు, అదే ఆరె, కూర్చున్నది అదే రోడ్డు. 1985లో సుప్రీంకోర్టు, మతం మారిన తర్వాత కూడా వెనుకబాటు అంతే తీవ్రంగా ఉందని చూపించే సాక్ష్యం కావాలన్నది. సాక్ష్యం అంటే లెక్క. లెక్కలో లేనివాడు లెక్క ఎక్కడినుంచి తెస్తాడు? గడిలోంచి తీసేసిన చేయే రుజువు అడుగుతోంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరాను తీసేయమని సిఫారసు చేసింది. 2004లో వేసిన పిటిషన్ సుప్రీంకోర్టులో ఇరవై ఏళ్లు దాటింది. 2022లో ఇదే విషయం మీద కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు.

ఇప్పుడు అందరికీ ఇబ్బందిగా ఉండే విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవుల శాతం 1971 జనగణనలో 4.19. 1981లో 2.68. 1991లో 1.83. 2001లో 1.55. 2011లో 1.34. శాతమే కాదు, మనుషులే తగ్గారు: 1971లో 18 లక్షల పైన ఉన్నవాళ్లు 2011లో 11 లక్షల 30 వేల దగ్గర. ఆ నలభై ఏళ్లలో రాష్ట్రం జనాభా దాదాపు రెట్టింపు అయింది. ఆ నలభై ఏళ్లలోనే పల్లె పల్లెకూ మందిరాలు లేచాయి, ఆదివారం కూర్చోవడానికి చోటు చాలలేదు. మరి అంకె ఎందుకు పడిపోయింది? కొందరు వలస అంటారు, కొందరు పిల్లలు తక్కువ అంటారు. అవి కొంత నిజం కావచ్చు, కానీ ఇంత పతనాన్ని అవి మోయలేవు. మాకు అర్థమైనది ఇది: మన కుటుంబాలు లెక్కల టీచరు ముందు ఒక జవాబు, దేవుని ముందు ఒక జవాబు చెప్పడం నేర్చుకున్నాయి.

దీన్ని మనవాళ్లు కొందరు ప్రసంగ వేదికల మీద అబద్ధం అంటారు, పిరికితనం అంటారు. మేము అనం. బాప్తిస్మం పుస్తకంలో సుశీలా మేరీ, రేషన్ కార్డులో సుశీలమ్మ, ఇలాంటి అమ్మ మన ఇళ్లల్లో లేనిది ఎక్కడ? ఆమె కొడుకు హాస్టల్ సీటు, కూతురి స్కాలర్‌షిప్, మూడు సెంట్ల ఇంటి స్థలం, ఎవడైనా కొడితే అట్రాసిటీ కేసు పెట్టే హక్కు, ఇవన్నీ ఒక్క గడి మీద వేలాడుతున్నాయి. ఒక తల్లిని అటు నెట్టి, ఇటు నెట్టి, చివరికి ఆమెనే వేలెత్తి చూపడం న్యాయం కాదు. ఉత్తర్వు రాసినవాళ్లను అడగాలి. కంధమాల్ 2008ని చూసిన ఒడిశా సహోదరులకైతే ఇంకో భయం ఉంది. క్రైస్తవులు ఏ వీధిలో ఉన్నారో తెలిసిన కాగితం ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో వాళ్లు చూశారు.

అయితే ఆ జవాబు వల్ల ఊరికి ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. కర్ణాటకలో గ్రామ పంచాయతీకి ప్రతి 400 మందికి ఒక సభ్యుడు. పదివేల మంది ఉన్న పంచాయతీకి 25 మంది. దళితులు 2,000 మంది, అంటే 20 శాతం. రాజ్యాంగం 243-డి ప్రకారం జనాభా నిష్పత్తిలో సీట్లు, కాబట్టి ఐదు. ఆ రెండు వేలలో 800 మంది క్రైస్తవులమని చెప్పారనుకోండి. గడిలో మిగిలింది 1,200, అంటే 12 శాతం. సీట్లు మూడు. ఆ 800 మంది ఇంటి ముందు మురుగు పోలేదు, వాళ్ల శ్మశానానికి దారి రాలేదు, కానీ పంచాయతీలో వాళ్ల వాడ తరఫున లేచి మాట్లాడే ఇద్దరు తగ్గారు. పోయింది క్రైస్తవులకు మాత్రమే కాదు, పక్కింటి హిందూ దళితులకు కూడా. అలాగే ప్రధానమంత్రి ఆదర్శ గ్రామ యోజనకు ఎస్సీలు 40 శాతం పైన ఉన్న గ్రామాలను తీసుకుంటారు. ఊరు 42 నుంచి 35కి పడితే, రోడ్డూ అంగన్‌వాడీ గదీ వేరే ఊరికి పోతాయి.

రెండో వైపు కూడా చూడాలి. అందరం హిందువులమని చెబితే, తాలూకా లెక్కలో క్రైస్తవులు అరకొరగా మిగులుతారు. రేపు మైనారిటీ స్కాలర్‌షిప్ అడిగినా, శ్మశాన స్థలం అడిగినా, "మీరు మీ తాలూకాలో వందమందే కదా" అంటారు. "దళిత క్రైస్తవులు అంతమంది ఎక్కడున్నారు?" అని కమిషన్ అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉండదు. ఏ జవాబు చెప్పినా మనలో సగమే లెక్కకు వస్తాం. కులం చెబితే విశ్వాసం పోతుంది, విశ్వాసం చెబితే కులం పోతుంది.

బైబిల్లో సంఖ్యాకాండము మొదటి అధ్యాయం మీకు తెలుసు. ఇరవై ఏళ్లు దాటి యుద్ధానికి పోగల మగవాళ్లను లెక్కపెట్టారు. ఆడవాళ్లు లేరు, పిల్లలు లేరు, లేవీయులను పక్కన పెట్టారు. ఎందుకంటే ఆ లెక్క సైన్యం కోసం. ఏ లెక్కనైనా అలాగే చదవాలి, ఇది దేనికోసం వేస్తున్నారు, ఎవరిని పక్కన పెట్టారు అని. పక్కన పెట్టిన లేవీయులకు తర్వాత వేరే లెక్క, వేరే పని ఇచ్చారు. మనకు ఆ రెండో లెక్క ఇంకా రాలేదు.

ఇక మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. "క్రైస్తవులమని చెబితే మా కుల సర్టిఫికెట్ రద్దవుతుందా?" చట్టం ఏం చెబుతోందో వినండి. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం, మీ ఇంటి గురించి రాసుకున్న కాగితాన్ని ఎవరూ తెరిచి చూడకూడదు, దాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టకూడదు. ఆ చట్టం కింద నేరం చేసినవాళ్ల మీద పెట్టే కేసు ఒక్కటే దానికి మినహాయింపు. కాబట్టి జనగణనలో మీ ఒక్క ఇంటి జవాబును తీసుకుని తహసీల్దారు మీ మీదకు రాలేడు. కానీ ఆ రక్షణ జనగణనకు మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం చేసే కుల సర్వే, 2011లో విడిగా జరిగిన సామాజిక ఆర్థిక కుల గణన వంటివి ఈ చట్టం కిందవి కావు. ట్యాబ్ పట్టుకుని వచ్చిన ప్రతివాడూ జనగణనవాడు కాదు. గడప దగ్గర మొదటి ప్రశ్న మీరే అడగండి: "సార్, ఇది ఏ లెక్క?"

అదే చట్టంలో ఒక ముచ్చటైన మాట ఉంది. ఆచారం వల్ల భర్త పేరు పలకని ఆడవాళ్లను ఆ పేరు చెప్పమని బలవంతం చేయకూడదట. 1948లో ఒక అవ్వ సిగ్గును చట్టంలో పట్టించుకున్నారు. ఆమె కొడుకు కులమూ మతమూ రెండూ రాసుకునే గడి మాత్రం ఇప్పటికీ లేదు.

భాష సంగతి కూడా ఇంతే ముఖ్యం, కానీ దీన్ని త్వరగా చెబుతాం. 2011లో మాతృభాష తెలుగు అని చెప్పినవాళ్లు దేశంలో 8 కోట్ల 11 లక్షలు. తమిళనాడులో 42 లక్షలు, కర్ణాటకలో దాదాపు 36 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలు, ఒడిశాలో ఆరున్నర లక్షల పైన. కర్ణాటకలో 2001 కంటే లక్షకు పైగా తగ్గారు. పిల్లలు బడిలో చదివే భాషను మాతృభాషగా చెప్పేయడం దీనికి ఒక కారణమని మా అనుమానం. జనగణన నిర్వచనం అది కాదు. చిన్నప్పుడు మీ అమ్మ మీతో ఏ భాష మాట్లాడిందో అది. కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీ బాగా వస్తే, వచ్చిన ఇతర భాషల దగ్గర చెప్పండి, అక్కడ రెండు గడులున్నాయి. ఒక తాలూకాలో 15 శాతం మంది మాట్లాడితే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలో ఇవ్వాలి. బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఉంటే ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పాలి. ఈ ఏర్పాటు భాషా అల్పసంఖ్యాకులకు ఎప్పటినుంచో ఉంది. అడిగేవాళ్లకు అంకె కావాలి.

ఇంకో సంగతి, ఈసారి తేదీలు. ఇళ్ల జాబితా 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్యలో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. మార్చి 1 మొదటి క్షణం ఆధారం. ఫిబ్రవరి అంటే మన ఊళ్లకు ఏ నెల? ఇటుక బట్టీల నెల, చెరకు కోతల నెల. తాళం వేసిన ఇళ్లు ఎక్కువగా ఊరి ఏ చివరన ఉంటాయో తెలుసు. లెక్క జరిగే రోజులన్నీ వేరే చోట ఉన్నవాళ్లను ఉన్నచోటే లెక్కించాలి. బట్టీ దగ్గర గుడిసెల్లోకి టీచరు వెళ్లకపోతే వాళ్లు ఇక్కడా లేరు, అక్కడా లేరు. మీ ఊరి పక్కన బట్టీలుంటే, ఆ బ్లాకు టీచరు ఎవరో కనుక్కుని దారి చూపించడం మీ సంఘ యువజనులు చేయగల పని. దానికి డబ్బు అక్కర్లేదు, ఒక మోటార్ సైకిల్ చాలు.

ఈసారి కులం కూడా అడుగుతామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. 1931 తర్వాత జనగణనలో అందరి కులాలూ అచ్చయిన లెక్క లేదు, కాబట్టి ఇది పెద్ద మార్పు. మాదిగ అని చెప్పి, క్రైస్తవుడు అని కూడా చెప్పే మనిషిని పట్టికలో ఎక్కడ పెడతారు అన్నదే మన ప్రశ్న. 2025లో కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్ సర్వేలో ఏం జరిగిందో బళ్లారివాళ్లు చూశారు. కులం పేరు పక్కన క్రైస్తవ అని ఉన్న పేర్లు జాబితాలో కనబడగానే గొడవ మొదలైంది. చివరికి ఆ పేర్లను యాప్ జాబితాలో కనబడకుండా చేశారు. క్రైస్తవానికి కులం లేదు కదా అన్నారు. వాక్యంలో లేదు, నిజమే. శ్మశానంలో ఉంది. కొన్ని చోట్ల మందిరం బెంచీల మధ్య కూడా ఉంది, అది మనం బయటివాళ్లకు చెప్పడానికి సిగ్గుపడతాం.

ఏ జవాబు చెప్పాలో మేము మీకు చెప్పం. అది ప్రతి కుటుంబం మోకాళ్ల మీద తేల్చుకోవలసినది. మేము అడిగేది ప్రభుత్వాన్ని: మూడో పేరాను తీసేయండి. తీసేసేదాకా కులాన్నీ మతాన్నీ కలిపి చూపే పట్టికను తాలూకా స్థాయిలోనైనా అచ్చువేయండి. పెద్ద గ్రామాలకు, అంటే పదివేలు దాటినవాటికి, పట్టణాలకు వేసినట్టే మతం, మాతృభాష లెక్కలు వేయండి. చిన్న ఊళ్లకు అడగడం లేదు. నలభై ఇళ్లున్న చోట అలాంటి అంకె మనుషులను పట్టిచ్చే జాబితా అవుతుంది.

మీరు చేయవలసింది ఇంకోటి ఉంది. ఈ నెలలో మీ ఊరి 2011 వరుసను తెరిచి కాగితం మీద రాసుకోండి. తర్వాత మీ వాడలో మీరే తిరగండి. పేర్లు రాయొద్దు, మతం ఎవరిదని ఇంటివారీగా రాయొద్దు. ఇళ్లు ఎన్ని, భూమి ఉన్నవి ఎన్ని, కుళాయి ఉన్నవి ఎన్ని, పది దాటి చదివిన ఆడపిల్లలు ఎందరు, ఫిబ్రవరిలో తాళం పడేవి ఎన్ని అని మొత్తాలు మాత్రమే వేయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడాను గ్రామసభలో చదవండి. వచ్చే సమావేశానికి వచ్చేటప్పుడు ఆ రెండు కాగితాలూ తీసుకురండి.

పర్లాకిమిడి చెల్లెలు ఇందాకటినుంచీ చెయ్యెత్తే ఉంది. అడుగమ్మా.